లీచేట్ (చెత్త నుంచి కారే మురికి నీళ్ళు) శుద్ధి చేసే అద్దె ప్లాంట్, ఎంబీఆర్ ప్లస్ ఆర్ఓ: చిత్తూరు దగ్గర మా యార్డ్‌లో నడిపాక రివ్యూ

మొదటే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. ఎంబీఆర్ అంటే బ్యాక్టీరియాతో శుద్ధి చేసి (బయాలజీ అంటున్నది దీన్నే) ఆ నీళ్ళని సన్న రంధ్రాల మెంబ్రేన్‌తో వడకట్టేది, ఆర్ఓ అంటే ఉప్పుని కూడా ఆపే మెంబ్రేన్ గుండా ప్రెజర్‌తో నీళ్ళు తోసేది. బయాలజీ ట్యాంకులు, మెంబ్రేన్ల వరకు అడిగితే నాలుగున్నర ఇస్తా, కానీ రిజెక్ట్ నీళ్ళని (ఆర్ఓ దాటకుండా మిగిలే చిక్కటి ఉప్పు నీళ్ళు) ఏం చేయాలన్న దగ్గర కంపెనీ వాళ్ళు చేతులు దులుపుకున్న తీరుకి ఒక మార్కు పోయింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఇదే సెటప్‌ని ఇప్పుడు చాలామంది అద్దెకిస్తున్నారు, డిజైన్ కూడా దాదాపు ఒకటే, కాబట్టి ఎవరి దగ్గర తీసుకున్నా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు. మున్సిపాలిటీలో శానిటేషన్ వైపు పనిచేసేవాళ్ళకి, చెత్త ప్రాసెసింగ్ కాంట్రాక్ట్ పట్టినవాళ్ళకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నా.

మా యార్డ్ చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే వైపు ఉంటుంది, ప్రైవేట్‌ది, సైట్ నేను చూసుకుంటా. మాకొచ్చేది ఎక్కువ తడి చెత్తే, హోటళ్ళ నుంచి అన్నం కూరలు, కల్యాణ మండపాల నుంచి అరిటాకులు, మార్కెట్ నుంచి కుళ్ళిన టమాటా, ఇక జూన్ జులై వస్తే పల్ప్ ఫ్యాక్టరీల నుంచి తోతాపురి తొక్కలు టెంకలు ట్రాక్టర్లకి ట్రాక్టర్లు. ఇదంతా కుప్ప పోశాక లోపల్నుంచి ఊరే నీళ్ళు, పైన పడ్డ వాన కుప్పలోంచి దిగుతూ కడుక్కుని తెచ్చే మురికి, రెండూ కలిసి అడుగున కారేదే లీచేట్. మన వైపు నైరుతితో పాటు ఈశాన్య వానలు కూడా గట్టిగానే పడతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఎప్పుడు తుఫాను పట్టుకుంటుందో తెలీదు. 2021 నవంబర్‌లో తిరుపతిలో వీధులు మునిగిపోయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని కింద ఊళ్ళు ఖాళీ చేయించిన రోజులు ఎవరూ మర్చిపోలేదు కదా, అట్లాంటి వాన ఒక్కటి పడితే చాలు మా లీచేట్ గుంట గట్టు దాటి పక్క పొలాల్లోకి పోతుంది.

యార్డ్ కింద వైపు ఆవులు పెట్టుకుని పాలు పోసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఒకరోజు గేటు దగ్గరికొచ్చి "నాయనా, మా బోరు నీళ్ళు ఉప్పగా వస్తా ఉండాయి, ఆవులు మూతి పెట్టడం ల్యా" అన్నాడు. శాంపిల్ పట్టి టెస్ట్‌కి పంపితే క్లోరైడ్ బాగా ఎక్కువుంది. క్లోరైడ్‌ని మట్టి పట్టుకోలేదు, బ్యాక్టీరియా తినలేదు, అందుకే లీచేట్ భూమిలోకి దిగుతోందంటే అందరికన్నా ముందు బోర్లలో కనబడేది అదే. ఆ రిపోర్ట్ చూశాకే మేనేజ్‌మెంట్ వాళ్ళు గుంటకి నీళ్ళు దిగకుండా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీట్ వేయడానికి, సరైన ప్లాంట్ తెప్పించడానికి ఒప్పుకున్నారు. ఆ పెద్దాయనకి ఏదో సర్దిచెప్పి పంపడం కాదు, పని జరగాలి అన్నది నా పట్టుదల, ఈ రివ్యూ కూడా ఆ కళ్ళతోనే రాస్తున్నా.

నేను చేరకముందు ఇక్కడ వేరే పార్టీ పెట్టిన డైరెక్ట్ ఆర్ఓ ఉండేది. శాండ్ ఫిల్టర్, కార్ట్రిడ్జ్ ఫిల్టర్ దాటించి లీచేట్‌ని నేరుగా మామూలు స్పైరల్ మెంబ్రేన్ల మీదకి తోసేవాళ్ళు. అది నిలబడదు, ఎందుకంటే కరిగిపోయి ఉన్న ఆర్గానిక్ సరుకుని ఏ శాండ్ ఫిల్టరూ ఆపదు, అదంతా మెంబ్రేన్ దాకా వస్తుంది, బ్యాక్టీరియాకి అక్కడ తిండి ఉన్నట్టే కాబట్టి సన్నటి సందుల్లో పాచి కట్టి ప్రెజర్ పెరిగిపోయి చివరికి మెంబ్రేన్ మార్చాల్సిందే. లీచేట్ కోసమే సందులు వెడల్పుగా పెట్టి చేసిన డిస్క్ ట్యూబ్ ఆర్ఓలు వేరే ఉన్నాయి, జర్మనీలో 1980ల నుంచి వాడుతున్నారు, అవి ఇంకా హై ప్రెజర్ తట్టుకుంటాయి, కానీ వాటికి కూడా ముందు బయాలజీ లేకపోతే అమ్మోనియా సమస్య మిగిలే ఉంటుంది. పీహెచ్ 9 దగ్గర, 25 డిగ్రీల వేడిలో అమ్మోనియా నైట్రోజన్‌లో మూడో వంతుకి పైగా గ్యాస్ రూపంలో ఉంటుంది, గ్యాస్‌ని ఆర్ఓ ఆపలేదు, పర్మియేట్‌లోకి, అంటే మెంబ్రేన్ దాటి వచ్చే మంచి నీళ్ళలోకి జారిపోతుంది. దాన్ని ఆపాలంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి పీహెచ్ 6 నుంచి 6.5కి దింపాలి, అట్లా దింపితే సల్ఫేట్ పెరిగి కాల్షియంతో కలిసి మెంబ్రేన్ మీద స్కేల్ (గట్టి పొర) కట్టడం మొదలు. అందుకే ఈసారి టెండర్‌లోనే ముందు బయాలజీ, తర్వాత మెంబ్రేన్ అని రాయించాం.

వచ్చిన ప్లాంట్ ఇట్లా ఉంటుంది. గుంటలోంచి ఈక్వలైజేషన్ ట్యాంక్ (వచ్చే నీళ్ళ హెచ్చుతగ్గుల్ని సమం చేసేది), అక్కడ్నుంచి సన్న స్క్రీన్, తర్వాత గాలి పెట్టని అనాక్సిక్ ట్యాంక్, తర్వాత గాలి పెట్టే ఏరోబిక్ ట్యాంక్, పక్కనే హాలో ఫైబర్ మెంబ్రేన్లు ముంచిన ట్యాంక్, చివర్లో కంటైనర్‌లో ఆర్ఓ. కెపాసిటీ రోజుకి 20 కిలోలీటర్లు. ట్యాంకులు బోల్ట్ వేసి బిగించే రకం, సివిల్ పని అంటే కింద కాంక్రీట్ బెడ్ ఒక్కటే, ఆ విషయంలో వాళ్ళ ఇన్‌స్టాలేషన్ టీమ్‌ని మెచ్చుకోవాల్సిందే, తమిళనాడు నుంచి వచ్చిన పిల్లలు, లెవెల్ ట్యూబ్ పెట్టి ప్రతి పైపూ చూసుకుంటూ శుభ్రంగా పని చేశారు.

అసలు పనంతా చేసేది ఏరోబిక్ ట్యాంకులో ఉన్న బ్యాక్టీరియానే. అమ్మేటప్పుడు అందరూ మెంబ్రేన్ గురించే గంట చెప్తారు, మీరు మాత్రం ముందు ట్యాంకుకి గాలి కొట్టే బ్లోయర్ గురించి అడగండి. లెక్క చూడండి, లీచేట్‌లో అమ్మోనియా నైట్రోజన్ లీటర్‌కి 1000 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, రోజుకి 20 కిలోలీటర్లు అంటే 20 కేజీల నైట్రోజన్. ఒక కేజీ అమ్మోనియా నైట్రోజన్‌ని నైట్రేట్ చేయడానికి దాదాపు 4.57 కేజీల ఆక్సిజన్ కావాలి, అంటే ఒక్క అమ్మోనియాకే రోజుకి 91 కేజీలు. సీఓడీకి, అంటే నీళ్ళలో ఉన్న మొత్తం ఆర్గానిక్ సరుకుకి అయ్యేది దీనికి అదనం. బ్లోయర్ నుంచి వెళ్ళిన గాల్లో ఆక్సిజన్ అంతా నీళ్ళలో కరగదు, చాలా మటుకు బుడగలుగా పైకొచ్చి పోతుంది, అందుకే బ్లోయర్ కెపాసిటీ, గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్ రకం చూడకుండా సంతకం పెట్టొద్దు. మాకిచ్చిన బ్లోయర్లు రెండు, ఒకటి నడుస్తుంటే ఒకటి స్టాండ్‌బై, ఈ విషయంలో కంపెనీ కక్కుర్తి పడలేదు, ఫుల్ మార్కులు.

ఇంకో సంగతి ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్ళని కాపాడే గుణం. ఒక కేజీ అమ్మోనియా నైట్రోజన్‌కి కాల్షియం కార్బొనేట్ లెక్కన 7.14 కేజీల ఆల్కలినిటీ ఖర్చవుతుంది, అది అయిపోతే పీహెచ్ పడిపోయి నైట్రిఫికేషన్ (అమ్మోనియాని నైట్రేట్ చేసే పని) ఆగిపోతుంది. ముందున్న అనాక్సిక్ ట్యాంక్ పని అక్కడే తెలుస్తుంది, నైట్రేట్‌ని వెనక్కి తిప్పి అక్కడికి పంపితే బ్యాక్టీరియా నైట్రేట్‌లో ఆక్సిజన్ వాడుకుని కొత్త లీచేట్‌లో ఉన్న బీఓడీని (బ్యాక్టీరియా తినగలిగే ఆర్గానిక్ సరుకు) తినేస్తాయి, నైట్రోజన్ గాల్లో కలిసిపోతుంది, పోయిన ఆల్కలినిటీలో దాదాపు సగం తిరిగొస్తుంది. గాలి ఖర్చు కూడా కొంత కలిసొస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటుని కొంతమంది కరెంట్ మిగుల్తుందని రీసర్క్యులేషన్ పంపు ఆపేసి పాడుచేస్తుంటారు, దయచేసి ఆ పని చేయనివ్వొద్దు.

స్టార్టప్‌కి మున్సిపల్ ఎస్టీపీ (మురుగునీళ్ళ శుద్ధి ప్లాంట్) నుంచి ట్యాంకర్‌లో స్లడ్జ్, అంటే బ్యాక్టీరియా ఉన్న బురద తెప్పించి పోశారు. వెంటనే ఫుల్ లోడ్ ఇవ్వకుండా లీచేట్‌ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు, ఎందుకంటే మామూలు డ్రైనేజీ నీళ్ళు తాగి పెరిగిన బ్యాక్టీరియాకి ఇంత ఉప్పు, ఇంత అమ్మోనియా ఒక్కసారి తగిలితే చచ్చిపోతాయి. వాళ్ళ ప్రాసెస్ ఇంజనీర్ ఓపిక మెచ్చుకోవాలి, మా వాళ్ళు ఫోన్ చేసి "ఇంకెన్నాళ్ళు సార్, గుంట నిండిపోతా ఉంది" అని తొందరపెట్టినా ఆయన లొంగలేదు. రోజూ లీటర్ సిలిండర్‌లో ట్యాంకు నీళ్ళు పట్టి అరగంట పెట్టి స్లడ్జ్ ఎంత దిగిందో చూడటం, మైక్రోస్కోప్ కింద చూడటం మా ఆపరేటర్‌కి ఆయనే నేర్పాడు. పదో తరగతి చదివిన కుర్రాడు, ఇప్పుడు స్లడ్జ్ రంగు చూసి గాలి తక్కువైందో లేదో చెప్పేస్తున్నాడు, నాకు నిజంగా గర్వంగా ఉంది.

మామిడి సీజన్‌లో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. తొక్కలు పులిసి వచ్చే లీచేట్ వేరే రకం, పుల్లటి వాసన, పీహెచ్ 5 వైపు పడిపోతుంది, బీఓడీ విపరీతం. ఇది బ్యాక్టీరియాకి సులభంగా తినే సరుకే, కానీ ఒక్కసారి వచ్చి పడితే ఉన్న ఆక్సిజన్ అంతా అదే లాగేసుకుంటుంది, నైట్రిఫికేషన్ చేసే నెమ్మది రకాలకి ఏం మిగలదు. ఆ వారం నురగ లేచింది, ఏరోబిక్ ట్యాంక్ గట్టు దాటి నడిచే ప్లాట్‌ఫాం మీదకి మోకాలెత్తు వచ్చింది, గోధుమ రంగులో జిగటగా. ఆపరేటర్ "సార్, నురగ మళ్ళీ పైకొస్తా ఉండాది" అని ఫోన్ చేస్తే సర్వీస్ వాళ్ళు ఫోన్లోనే ఫీడ్ సగానికి తగ్గించమని, యాంటీఫోమ్ ఎంత పోయాలో చెప్పి మర్నాటికల్లా మనిషిని పంపారు. సిలికాన్ రకం యాంటీఫోమ్ పోయొద్దు, మెంబ్రేన్‌కి పట్టేస్తుంది అని ముందే హెచ్చరించడం వాళ్ళ అనుభవాన్ని చూపించింది.

దీనికి పూర్తిగా ఉల్టా పాత కుప్పల లీచేట్. స్వచ్ఛ భారత్ రెండో దశ 2021లో మొదలయ్యాక ఊరూరా పాత డంపుల్ని బయోమైనింగ్ (తవ్వి జల్లెడ పట్టి వేరు చేయడం) చేస్తున్నారు కదా, ఏళ్ళ తరబడి కుళ్ళి కుళ్ళి మిగిలిన ఆ కుప్పల నీళ్ళలో తినగలిగేదంతా ఎప్పుడో అయిపోయి ఉంటుంది. బీఓడీని సీఓడీతో భాగిస్తే కొత్త లీచేట్‌లో 0.5 పైన వస్తుంది, పాతదాంట్లో 0.1 కూడా రాదు. మిగిలిన సీఓడీ అంతా కుళ్ళగా మిగిలే గోధుమ రంగు హ్యూమిక్, ఫుల్విక్ యాసిడ్‌లే, బ్యాక్టీరియా వాటి జోలికి పోదు, అమ్మోనియా మాత్రం దండిగా ఉంటుంది. అట్లాంటి నీళ్ళకి డీనైట్రిఫికేషన్ (నైట్రేట్‌ని నైట్రోజన్ గ్యాస్ చేయడం) కోసం మిథనాల్ లాంటి కార్బన్ బయట్నుంచి కొనాల్సి వస్తుంది. కాబట్టి కంపెనీ వాళ్ళు వేరే ఊళ్ళో ప్లాంట్ రిజల్ట్ చూపించి ఇక్కడా అంతే వస్తుందంటే నమ్మకండి, మీ లీచేట్ వానాకాలంది ఒకటి, ఎండాకాలంది ఒకటి టెస్ట్ చేయించి ఆ రిపోర్ట్‌లు ముందు పెట్టి మాట్లాడండి.

ఇక మెంబ్రేన్. ఎంబీఆర్‌లో ఉండేవి పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సన్న గొట్టాలు, రంధ్రం 0.04 మైక్రాన్ దగ్గర, బ్యాక్టీరియా సైజు ఒక మైక్రాన్ అటూ ఇటూ, కాబట్టి అవి లోపలే ఉండిపోతాయి. సెటిల్ అవుతుందా లేదా అన్న బెంగ లేదు, ట్యాంకులో స్లడ్జ్‌ని మామూలు ఎస్టీపీ కన్నా మూడు నాలుగు రెట్లు చిక్కగా, లీటర్‌కి 8,000 నుంచి 12,000 మిల్లీగ్రాముల దాకా ఉంచొచ్చు, నెమ్మదిగా పెరిగే నైట్రిఫికేషన్ బ్యాక్టీరియా కొట్టుకుపోకుండా నిలబడతాయి. లీచేట్‌కి ఎంబీఆర్ నప్పేది ఈ ఒక్క కారణానికే.

మాకు ఇబ్బంది పెట్టింది టెంకాయ పీచు. దేవుడి ఊరు పక్కన ఉన్నాం, టెంకాయ చిప్పలు, పీచు లేని చెత్త లోడ్ ఉండదు. స్క్రీన్ 3 మిల్లీమీటర్లది ఇచ్చారు, పీచు నిలువుగా దూరిపోయేది. మెంబ్రేన్ మాడ్యూల్‌ని (గొట్టాల కట్ట) చైన్ బ్లాక్ పెట్టి పైకి లేపి చూస్తే తెల్లటి గొట్టాలు పై భాగంలో పీచుతో చుట్టుకుపోయి, మధ్యలో బురద గట్టిపడి, వేళ్ళతో విడదీస్తే జడలు విప్పినట్టు ఊడొచ్చింది, ఆ చుట్ట లోపలికి గాలి పోదు, నీళ్ళూ పోవు. హాలో ఫైబర్ ఎంబీఆర్‌కి ఒక మిల్లీమీటర్ లేదా అంతకన్నా సన్న స్క్రీన్ ఉండాలి, ఇది ఆ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయమే. అడిగితే మార్చారు, డబ్బు అడగలేదు, కానీ అడక్కముందే ఇవ్వాల్సింది.

క్లీనింగ్ సంగతి. పంపు ఎంత గట్టిగా లాగాల్సి వస్తోందో టీఎంపీ మీటర్ చూపిస్తుంది, అది పెరుగుతోందంటే మెంబ్రేన్ మూసుకుపోతోందని అర్థం. పాచి, ఆర్గానిక్ జిగట పోవడానికి హైపో (క్లోరిన్ ఉన్న బ్లీచ్ ద్రావణం), కాల్షియం స్కేల్ పోవడానికి సిట్రిక్ యాసిడ్. రెండింటి మధ్య మంచినీళ్ళతో బాగా కడగాలి, హైపో యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణం మీదకొస్తుంది. వాళ్ళ టెక్నీషియన్ ఈ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి కెమికల్ రూమ్ తలుపుకి అంటించి వెళ్ళాడు, నాకు బాగా నచ్చింది. అదే హైపో ఆర్ఓ వైపు చుక్క కూడా పోకూడదు, ఆర్ఓ మెంబ్రేన్ పాలిఅమైడ్, క్లోరిన్ తగిలితే పాడైపోతుంది.

ఎంబీఆర్ దాటాక వచ్చే నీళ్ళు చూసి మా ఎండీ గారు కంగారుపడ్డారు. టేబుల్ మీద మూడు సీసాలు పెట్టాం, గుంటలో నీళ్ళు నల్లగా, ఆర్ఓ నీళ్ళు తేటగా, మధ్యలో ఎంబీఆర్ నీళ్ళు మాత్రం నీళ్ళు కలిపిన డికాక్షన్ లెక్క గోధుమ రంగులో. అంత డబ్బు పెట్టినా రంగు పోలేదేంది అన్నారు. అది పని చేయక కాదు, ఆ రంగు హ్యూమిక్ పదార్థాలది, 0.04 మైక్రాన్ రంధ్రానికి అవి దొరకవు. వాటిని పట్టేది నానో ఫిల్ట్రేషన్ లేదా ఆర్ఓ. నానో ఫిల్ట్రేషన్ రంగుని, పెద్ద ఆర్గానిక్స్‌ని పట్టుకుని సోడియం, క్లోరైడ్‌ని చాలావరకు వదిలేస్తుంది, ప్రెజర్ తక్కువ చాలు, రిజెక్ట్‌లో ఉప్పు తక్కువ. కానీ మాకు బోర్లలో కనబడ్డ సమస్యే క్లోరైడ్, అందుకే ఆర్ఓ తప్పలేదు. 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లో శుద్ధి చేసిన లీచేట్‌ని వాగులోకి వదలాలంటే బీఓడీ 30, సీఓడీ 250, అమ్మోనియా నైట్రోజన్ 50, టీడీఎస్ (కరిగి ఉన్న ఉప్పులన్నీ కలిపి) 2,100, క్లోరైడ్ 1,000, అన్నీ లీటర్‌కి మిల్లీగ్రాముల్లో, దాటకూడదని లిమిట్ పెట్టారు. బయాలజీతో బీఓడీ, అమ్మోనియా ఆ లిమిట్ లోపలికి వస్తాయి, టీడీఎస్ క్లోరైడ్ చచ్చినా రావు. ఆర్ఓ దాటాక ఇవన్నీ మాకు లిమిట్ లోపలే వస్తున్నాయి, ఆ నీళ్ళే ఇప్పుడు కంపోస్ట్ ప్యాడ్ తడపడానికి, వాహనాలు కడగడానికి, చుట్టూ వేసిన కానుగ మొక్కలకి వాడుతున్నాం.

అసలు గొడవ రిజెక్ట్. 75 శాతం రికవరీ అంటే 20 కిలోలీటర్లలో 15 మంచివి, 5 రిజెక్ట్. ఆర్ఓలో ఏదీ మాయం కాదు, లోపలికి పోయిన ఉప్పు, హ్యూమిక్స్ అన్నీ ఆ ఐదింట్లోకి సర్దుకుంటాయి, నాలుగు రెట్లు చిక్కగా. లోపలికి పోయేటప్పుడు టీడీఎస్ 10,000 ఉంటే రిజెక్ట్‌లో 40,000 దగ్గర, సముద్రపు నీళ్ళకన్నా ఎక్కువ. అగ్రిమెంట్‌లో ఒకే ఒక్క లైన్, "రిజెక్ట్ నిర్వహణ క్లయింట్ బాధ్యత". అడిగితే కుప్ప మీదే తిరిగి చల్లేయండి అన్నారు. చల్లితే ఏమవుతుంది, ఆ ఉప్పు మళ్ళీ దిగి గుంటలోకే వస్తుంది, నెల నెలా గుంట టీడీఎస్ పెరుగుతుంది, ఆర్ఓ ప్రెజర్ పెరుగుతుంది, రికవరీ తగ్గుతుంది, రిజెక్ట్ ఇంకా ఎక్కువ అవుతుంది. మాకు సరిగ్గా ఇదే జరిగింది, మీటర్ల రీడింగ్‌లు రాసిన లాగ్‌బుక్ పేజీలు వరసగా పెట్టి చూపిస్తేగానీ వాళ్ళు ఒప్పుకోలేదు. సోలార్ పాండ్ అంటారు కొంతమంది, మార్చి నుంచి జూన్ దాకా మన ఎండకి ఆరుతుంది నిజమే, నవంబర్ వానకి అదే పాండ్ పొంగితే నాలుగు రెట్లు చిక్కటి విషం పొలాల్లో పడుతుంది. పైన కప్పు లేని పాండ్‌కి నేను ఒప్పుకోను. ఎవాపరేటర్ (నీళ్ళని ఆవిరి చేసే మెషిన్) పెట్టాలి, మిగిలిన ఉప్పు ముద్దని హజార్డస్ వేస్ట్ తీసుకునే చోటికి పంపాలి, దాని ఖర్చు మొదటిరోజే రేటులో కలిపి చూడాలి. కలపకుండా కిలోలీటర్ రేటు ఇంత తక్కువ అని చూపించేవాళ్ళు సగం పనికే రేటు చెప్తున్నట్టు.

కంటికి కనబడని ఇంకో రకం సరుకు కూడా ఉంది. ప్లాస్టిక్ నుంచి వచ్చే థాలేట్‌లు, బిస్ఫినాల్ ఏ లాంటివి ఎంబీఆర్‌లో చాలావరకు విరిగిపోతాయి లేదా స్లడ్జ్‌కి అంటుకుంటాయి. నాన్‌స్టిక్ పూతలు, నీళ్ళు అంటని కవర్ల నుంచి వచ్చే పీఫాస్ అనే రసాయనాలు మాత్రం ఈ ట్యాంకుల్లో బ్యాక్టీరియాకి లొంగవు, కార్బన్ ఫ్లోరిన్ బంధం అంత గట్టిది. ఆర్ఓ వాటిని ఆపుతుంది, ఆపి రిజెక్ట్‌లోకే తోస్తుంది. రిజెక్ట్‌ని కుప్ప మీద చల్లొద్దని నేను మొండికేయడానికి ఇది కూడా కారణం. అట్లాగే ఎంబీఆర్ నుంచి తీసిన స్లడ్జ్‌ని కంపోస్ట్‌లో కలిపేసి రైతులకి అమ్మొద్దు, మేం కలపట్లేదు.

సర్వీస్ గురించి, మనిషి రావడం బాగుంది, స్పేర్లు రావడం బాలేదు. హై ప్రెజర్ పంప్ సీల్ పోతే చెన్నై నుంచి రావాలి, అది వచ్చేలోపు ఆర్ఓ ఆగి ఎంబీఆర్ నీళ్ళు నిల్వ పెట్టడానికి చోటు లేక తంటాలు పడ్డాం, సీల్ కిట్, కార్ట్రిడ్జ్‌లు, పీహెచ్ ప్రోబ్ సైట్‌లోనే పెట్టించుకోండి. బిల్లింగ్ దగ్గర ఒక మెలిక, వాళ్ళు లోపలికి పోయే ఫీడ్ మీటర్ మీద బిల్ వేస్తారు. అట్లా అయితే రికవరీ తగ్గినా వాళ్ళకి నష్టం లేదు. బయటికొచ్చే పర్మియేట్ మీటర్ మీద వేయమనండి. కరెంట్ మన మీటర్ మీదే, బ్లోయర్ రాత్రింబగళ్ళు తిరగాలి కాబట్టి బిల్లు బరువుగానే ఉంటుంది, జనరేటర్ లేకుండా దీన్ని పెట్టుకోవద్దు, గంటల తరబడి గాలి ఆగితే ట్యాంక్ కంపు కొట్టడం మొదలవుతుంది.

టెస్టింగ్ వాళ్ళ చేతిలో పెట్టొద్దు. ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌కి మీరే పంపండి. లీచేట్‌లో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి సీఓడీ టెస్ట్‌లో మెర్క్యురిక్ సల్ఫేట్ సరిపడా వేయకపోతే రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ల్యాబ్ వాళ్ళకి ఇది లీచేట్ అని, క్లోరైడ్ ఇంతుంది అని చీటీ మీద రాసి పంపండి.

అద్దె ఇంకో టర్మ్ పొడిగించాం. ఈసారి పర్మియేట్ మీటర్ మీద బిల్, ఒక మిల్లీమీటర్ స్క్రీన్, చిన్న ఎవాపరేటర్ వాళ్ళే తెచ్చి నడపాలి, కుప్ప మీద రిజెక్ట్ చల్లడం బంద్ అని రాయించాకే సంతకం పెట్టాం, రేటు పెరిగింది, పర్లేదు అని ఎండీ గారే అన్నారు. మామిడి లోడ్ తట్టుకోవడానికి ఇంకో ఈక్వలైజేషన్ ట్యాంక్ కట్టిస్తున్నాం, మే నెలాఖరుకి రెడీ అవ్వాలి. పెద్దాయన బోరు నీళ్ళు ప్రతి మూడు నెలలకీ టెస్ట్‌కి పంపుతున్నాం, క్లోరైడ్ కొంచెం దిగింది కానీ భూమిలోకి పోయిన ఉప్పు అంత తొందరగా వదలదు, అప్పటిదాకా ఆయన ఆవులకి రోజూ మా ట్యాంకర్ నీళ్ళే పోతున్నాయి.